పన్నెండేళ్ల వయసులో పెన్సిలుతో రాసిన ప్రశ్న

ప్రశ్న: నా వయసు ముప్పై ఆరు. పదకొండేళ్లుగా లెక్కల తనిఖీ పనిలో ఉన్నాను. చిన్నప్పటినుంచీ ఫాంటసీ నవలలంటే ప్రాణం. పన్నెండేళ్లప్పుడు ఒక నవల చదువుతూ, మొదట్లో తూర్పుకు పారిన నది చివర్లో పడమటికి పారుతోందని గమనించి, పేజీ అంచున పెన్సిలుతో "నది ఎప్పుడు తిరిగింది?" అని రాసుకున్నాను. అంత పిచ్చి! ఇప్పుడు ఫ్రీలాన్స్ ఎడిటర్‌గా ఫాంటసీ నవలల మీద పని చేయాలని ఉంది. ఇద్దరు స్నేహితుల నవలలు అచ్చుకు ముందే చదివి సూచనలు ఇచ్చాను. పనికొచ్చాయని అన్నారు. అయితే రచయితలకు నన్ను నేను పరిచయం చేసుకుంటూ ఒక్క పేరా రాయబోతే చేయి ఆగిపోతోంది. సాహిత్యంలో డిగ్రీ లేదు. ప్రచురణ సంస్థలో పని చేయలేదు. సొంతంగా ఒక్క కథా రాయలేదు. ప్రేమ తప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. అది చాలుతుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి డిగ్రీ గురించీ అనుభవం గురించీ మీరు పడుతున్న బెంగే కనిపించింది. రెండోసారి ఆ నది దగ్గర ఆగిపోయాను. "అంత పిచ్చి" అని తేల్చేసి మీరు ముందుకు వెళ్లిపోయారు గానీ నేను వెళ్లలేకపోయాను. కథలో పీకల దాకా మునిగి, కథానాయకుడికి ఏమవుతుందోనన్న ఆత్రంలో ఉన్న పన్నెండేళ్ల పిల్ల, నది పారే దిక్కు మారిందని పట్టుకుంది. అలా పట్టుకున్నాక పుస్తకం విసిరేయలేదు. "ఇది తప్పు" అని కూడా రాయలేదు. ఎప్పుడు తిరిగిందని అడిగింది. రచయిత నిజంగానే పొరబడి ఉండవచ్చు. లేదా ఆ లోకంలో నదిని వెనక్కి మళ్లించగల మాంత్రికుడు ఉండి, ఆ సంగతి చెప్పే పేజీ రాయడం రచయిత మరిచిపోయి ఉండవచ్చు. మీ ప్రశ్న ఈ రెంటిలో దేనికైనా చోటిచ్చింది. మంచి ఎడిటర్ రాతప్రతి అంచున రాసే ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇక మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. ప్రేమ ఒక్కటే చాలదు. అలాగని డిగ్రీ లేకపోవడం అడ్డంకీ కాదు.

ముందు ఆ డిగ్రీ సంగతి. 1936లో లండన్‌లో ఒక ప్రచురణకర్త, తన దగ్గరకు వచ్చిన ఒక పిల్లల కథను పదేళ్ల కొడుక్కి ఇచ్చి అభిప్రాయం రాయమన్నాడు. పిల్లల పుస్తకం బాగోగులు పిల్లలే చెప్పగలరని ఆయన నమ్మకం. రేనర్ అన్విన్ అనే ఆ కుర్రవాడు ఒక చిన్న నివేదిక రాసి, ఒక షిల్లింగు పుచ్చుకున్నాడు. అందులో కథ ఏమిటో చెప్పాడు, బాగుందన్నాడు, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు నచ్చుతుందన్నాడు. ఆ కథ ఇంగ్లీషు రచయిత టోల్కీన్ రాసిన 'ది హాబిట్'. మరుసటి ఏడు, 1937లో అచ్చయింది. ఆ రేనరే పెద్దయ్యాక, నష్టం వచ్చినా సరేనని, అదే రచయిత రాసిన పెద్ద నవల 'ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్'ను అచ్చు వేయాలని తండ్రికి చెప్పాడు. పదేళ్లప్పుడు అతనికి ఉన్న అర్హతల్లా, చదివి, చదివినది ఎవరికి చేరుతుందో చెప్పగలగడం.

మన దగ్గరి ఉదాహరణ నాకు ఇంకా ఇష్టం. 'చందమామ'లో రాక్షసులు, మాంత్రికులు, నాగలోకాలు నిండిన కథలు చదివి పెరిగిన వాళ్లలో చాలామందికి, ఆ కథల భాషను అంత తేటగా దిద్దింది కొడవటిగంటి కుటుంబరావు గారని తెలియదు. 1952 నుంచి 1980లో మరణించేదాకా ఆ పత్రికను తీర్చిదిద్దింది ఆయనే అయినా, సంపాదకుడిగా ఆయన పేరు ఉండేది కాదు. ఆయన చదువుకున్నది భౌతికశాస్త్రం. సొంతంగా రాసిన నవలల్లో కనిపించేది మధ్యతరగతి జీవితం, డబ్బు, పెళ్లిళ్లు, మనుషుల బలహీనతలు. నమ్మకాల విషయంలో హేతువాది. అలాంటి మనిషి సుమారు మూడు దశాబ్దాలు మాయల కథలు దిద్దారు. 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారి జానపద ధారావాహికలు వరసగా వచ్చింది ఆ పత్రికలోనే. మాయను నమ్మనివాడు మాయ కథను ఎలా దిద్దాడని ఎవరైనా అడిగితే, కథను నమ్మాడు గనుక అంటాను. ఈ దారిలో ఏం జరిగింది, దీని తరవాత ఏం జరగాలి, పిల్లవాడు ఈ వాక్యం దగ్గర తడబడతాడా అని చూడటానికి కావలసిన చూపు ఏ చదువులోంచైనా రావచ్చు.

నా సంగతి కూడా చెబుతాను. నేను పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతూ ఈ పనిలోకి వచ్చాను. ఆరేళ్లు గణితం, భూగోళం, సామాన్యశాస్త్రం. పగలు అక్షాంశాలు, రేఖాంశాలు సరిచూసి, రాత్రి ఇంటికి వచ్చి డ్రాగన్ల కథలు చదివేదాన్ని. ఈ రెండింటికీ సంబంధం ఉందని చాలాకాలం తోచలేదు. నవలల పని మొదలుపెట్టాక ఆ ఆరేళ్లే నన్ను నిలబెట్టాయి. భూగోళం పుస్తకం దిద్దిన కన్ను, కల్పిత లోకం పటంలో ఎడారికి గాలివాటున వర్షారణ్యం కనిపిస్తే వెంటనే ఆగుతుంది.

అయితే నా మొదటి ఫాంటసీ రాతప్రతిని దాదాపు పాడుచేశాను. చేసింది నా ప్రేమే. ఆ నవలలో ఒక ముసలి మంత్రగత్తె ఉంది. ముక్తసరిగా మాట్లాడుతుంది, చిన్న విషయాలకు అలుగుతుంది, అడిగినదానికి జవాబు చెప్పదు. నేను చదివి ప్రేమించిన మంత్రగత్తెలు అలా ఉండరు. వాళ్లు దారి చూపుతారు, లోతుగా మాట్లాడతారు, సమయానికి ఆదుకుంటారు. ఆమెను నాలుగు అధ్యాయాల్లో నా ఇష్టానికి సవరించి పంపాను. రచయిత్రి చాలా మర్యాదగా జవాబు రాసింది. "మీరు సూచించిన మంత్రగత్తె బాగుంది. ఆమెను నేను ఇంతకుముందే చాలా పుస్తకాల్లో కలిశాను. నాది వేరే మనిషి." ఆ రాత్రి రాతప్రతిని మొదటినుంచీ మళ్లీ చదివాను. ఆ ముసలామె మౌనం మీదే కథంతా నిలబడి ఉంది. చివర్లో ఆమె పలికే ఒకే ఒక్క మంచి మాటకు అంత బరువు రావడానికి ఆ రెండువందల పేజీల విసుగే కారణం. నేను తీసేయబోయింది దాన్నే.

అందుకే ప్రేమ చాలదన్నాను. ఒక సాహిత్యాన్ని ప్రాణంగా చదివినవాళ్లకు అది ఎలా ఉండాలో బలమైన రుచి ఏర్పడుతుంది. పాఠకురాలికి అది వరం. ఎడిటర్‌కు మాత్రం ప్రతిరోజూ అదుపులో పెట్టుకోవలసిన సంగతి. ఒక సూచన రాసే ముందు ఇప్పటికీ నన్ను నేను అడుగుతాను: ఇది ఈ పుస్తకానికి కావాలా, నాకు కావాలా?

అలా అదుపులో ఉన్న ప్రేమ ఏం చేయగలదో కూడా చెప్పాలి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఫాంటసీ ఎడిటర్ అవసరం అసలు ఇక్కడే ఉంది గనుక.

ఒక రాతప్రతిలో, మన చరిత్రతో ఏ సంబంధమూ లేని దీవిలో ఒక వీరుడు "కుంభకర్ణుడిలా నిద్రపోయాడు" అని ఉందనుకోండి. ఆ లోకంలో రామాయణం జరగలేదు. మరి ఈ కుంభకర్ణుడు ఎవరు? తెలుగులో రాసేవాళ్లకు ఇది ఎంత సహజంగా వచ్చేస్తుందంటే, రాసినవాళ్లకూ కనిపించదు, చదివేవాళ్లకూ కనిపించదు. భగీరథ ప్రయత్నం, లంకంత కొంప, శ్రీరామరక్ష, అగస్త్య భ్రాత... మన నుడికారంలో సగం పురాణాల మీద నిలబడి ఉంది. అణాలు ఎన్నడూ చెలామణీ కాని రాజ్యంలో పదహారణాల నిజం ఎలా పుడుతుంది? తుపాకీమందు తెలియని సైనికుడు తూటాలా ఎలా దూసుకుపోతాడు? గడియారాలు లేని కోటలో కాపలావాడు "అయిదు నిమిషాల్లో వస్తా" అంటే దేన్ని చూసి లెక్కపెట్టుకున్నాడు? ఆకాశంలో ఇద్దరు సూర్యులున్న లోకంలో ఆదివారం ఏ సూర్యుడి పేరు మీద వచ్చింది?

మామూలు సాంఘిక నవలను చక్కగా దిద్దే ఎడిటర్ ఇవేవీ పట్టుకోకపోవచ్చు. ఎందుకంటే తెలుగు వాక్యంగా ఇవన్నీ నిర్దోషంగా ఉన్నాయి. పట్టుకోవడానికి వేల పేజీల ఫాంటసీ చదివిన చెవి కావాలి. అన్నింటినీ కొట్టేయమని మాత్రం నేను అనను. ఈ విషయంలో నా పద్ధతి ఇది. కథ చెప్పే గొంతు మనకోసం ఆ లోకాన్ని తెలుగులోకి తెస్తోంది కాబట్టి దానికి కొంత చనువు ఇస్తాను. పాత్రల నోట వచ్చే మాటలకూ, వాళ్ల మనసులోని ఆలోచనలకూ ఇవ్వను. "భగీరథ ప్రయత్నం" పాత్ర నోట వస్తే అంచున రాస్తాను: "వీళ్ల పురాణాల్లో అసాధ్యమైన పని చేసినవాడు ఎవరు?" ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా ఒక రచయిత ఆరు పేజీల గాథ రాసి పంపాడు. పర్వతాన్ని చెంచాతో తవ్విన కూతురి కథ. తరవాత అది నవలంతటికీ గుండెకాయ అయింది. నేను రాసింది ఒక ప్రశ్న మాత్రమే. ఈ వృత్తిలో నాకు దక్కిన అతి పెద్ద ఆనందాల్లో అది ఒకటి.

భాష స్థాయి సంగతి కూడా ఇలాంటిదే. 1973లో అమెరికన్ ఫాంటసీ రచయిత్రి అర్సులా లెగ్విన్ ఫాంటసీ శైలి మీద ఒక వ్యాసం రాసింది. ఒక ఫాంటసీ నవలలోని సంభాషణను తీసుకుని, అందులో నాలుగైదు పేర్లు మార్చి, అదే సంభాషణ ఆనాటి వాషింగ్టన్ రాజకీయ నాయకుల మధ్య జరిగినట్టు చూపించింది. ఏమీ తేడా రాలేదు. పేర్లు మారిస్తే చాలు మన వీధిలోకి వచ్చేసే మాట, ఆ లోకపు మాట కాదని ఆమె వాదన. దాన్ని పరీక్షగా మీరూ వాడవచ్చు. ఒక సంభాషణలో పేర్లన్నీ తీసేసి చదవండి. మాట్లాడుతున్నది రాజగురువో, బ్యాంకు మేనేజరో తెలియకపోతే రచయితకు చెప్పండి. అయితే తెలుగులో దీనికి విరుగుడు గ్రాంథికం కాదు. "ఓయీ, నీవెవడవు?" అని రాయడం చాలామంది కొత్త రచయితలు పడే గొయ్యి. సరళంగా ఉంటూనే మన కాలానిది కాని మాటను వెతుక్కోవడంలో రచయితకు తోడుండాలి.

ఇప్పుడు మీ వృత్తి దగ్గరకు వస్తాను. లెక్కల తనిఖీ చేస్తానని, అదేదో వదిలించుకోవలసిన గతమన్నట్టు రాశారు. దయచేసి అలా అనుకోకండి. మాయకు కూడా జమాఖర్చు ఉంటుంది. మూడో అధ్యాయంలో చిన్న దీపం వెలిగించడానికి ఒక పూట బలం కోల్పోయిన మాంత్రికుడు, ముప్పయ్యో అధ్యాయంలో సైన్యాన్ని కాల్చి బూడిద చేసి చెమట తుడుచుకుని గుర్రమెక్కితే, ఆ ఖర్చు ఎక్కడ రాశారని అడగవలసింది మీరే. టోల్కీన్‌కే ఈ బాధ తప్పలేదు. 1944లో, తన పెద్ద నవల రాస్తున్న రోజుల్లో, వేర్వేరు దారుల్లో వెళ్తున్న పాత్రల మీద కాస్తున్న చంద్రుడు అసాధ్యమైన పనులు చేస్తున్నాడని గమనించి, అధ్యాయాలు వెనక్కి తిప్పి సరిచేయవలసి వచ్చిందని కొడుక్కి రాశాడు. ఒకరికి పౌర్ణమి అయిన రాత్రి ఇంకొకరికి అమావాస్య కాకూడదు కదా. మీరు రోజూ చేసే పని ఇదే. ఒక పుస్తకంలోని అంకె ఇంకో పుస్తకంలోని అంకెతో కలుస్తుందా అని చూడటం.

దానికి కావలసిన పనిముట్టు స్టైల్ షీట్. మీ స్నేహితుల నవలలకు చేశారో లేదో తెలియదు, చేయకపోతే ఇప్పుడు చేయండి. ప్రతి పేరూ ఏ అక్షరాలతో రాశారు, ఏ పేజీలో మొదట వచ్చింది, ఎవరి కళ్లు ఏ రంగు, ఏ ఊరినుంచి ఏ ఊరికి ఎన్ని రోజుల ప్రయాణం, ఏ ప్రమాణం ఎవరు చేశారు, మాయకు నియమాలేమిటి, ఏ రాత్రి చంద్రుడు ఎంత ఉన్నాడు. ఒకే నవల చేస్తే ఇరవై పేజీలు రావచ్చు. రచయిత రెండో భాగం రాసేటప్పుడు వెతుక్కునేది మీరు ఇచ్చిన ఆ పేజీలనే.

నేర్చుకోవలసింది లేదని కాదు. ఎడిటింగ్ అంటే ఒకే పని కాదు. కథ నిర్మాణాన్ని చూసి సుదీర్ఘమైన ఉత్తరం రాయడం ఒకటి, వాక్యం వాక్యం పట్టుకుని నడక సరిచేయడం ఇంకొకటి, భాషాదోషాలూ పొంతనలూ చూడటం వేరు, అచ్చుకు ముందు ప్రూఫులు చూడటం వేరు. మీరు ఏది చేస్తారో స్పష్టంగా చెప్పకపోతే రచయిత ఒకటి ఆశిస్తాడు, మీరు ఇంకొకటి ఇస్తారు. నా అంచనాలో మీకు మొదట అతికేది పొంతనలు చూసే మూడో రకం. నిర్మాణం గురించి చెప్పే ధైర్యం పది పన్నెండు రాతప్రతులు చేతిలో పడ్డాక వస్తుంది. ఇంగ్లీషు రాతప్రతులూ చేయాలనుకుంటే, 1970లో అమెరికాలో మొదలైన ఎడిటోరియల్ ఫ్రీలాన్సర్స్ అసోసియేషన్, బ్రిటన్‌లోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడిటింగ్ అండ్ ప్రూఫ్‌రీడింగ్ శిక్షణ తరగతులు నడుపుతున్నాయి. ఫాంటసీ కానివి కూడా చదవండి. అపరాధ పరిశోధక నవలలు ముఖ్యంగా. రహస్యాన్ని ఎక్కడ దాచాలో, ఎప్పుడు విప్పాలో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. లెక్క మీకే అర్థమవుతుంది. లక్ష మాటల ఫాంటసీ నవల అరుదేమీ కాదు. పేజీకి 250 మాటల చొప్పున 400 పేజీలు. గంటకు అయిదారు పేజీలు జాగ్రత్తగా దిద్దితే, ఒక్క విడతకే 67 నుంచి 80 గంటలు. రోజుకు రెండు గంటలే దొరికితే 34 నుంచి 40 సాయంత్రాలు. రెండో విడత తప్పదు. రచయితకు గడువు చెప్పే ముందు ఈ అంకెలు కాగితం మీద పెట్టుకోండి, తొందరపడి ఒప్పుకుని నలిగిపోకండి.

చివరగా, చేయి ఆగిపోతోందన్న ఆ పేరా. "చిన్నప్పటినుంచీ పుస్తకాల పురుగును, మాయాలోకాలే నా లోకం" అని మొదలుపెట్టి ఉంటారని ఊహిస్తున్నాను. దాదాపు అందరమూ అలాగే మొదలుపెడతాం. రాతప్రతిని చేతిలో పట్టుకుని భయంభయంగా ఎడిటర్ కోసం వెతుకుతున్న రచయితకు మీ బాల్యం కన్నా, తన పుస్తకానికి మీరేం చేస్తారన్నది ముఖ్యం. నేనైతే ఇలా రాస్తాను. మీ గొంతుకు తగ్గట్టు మార్చుకోండి.

"పదకొండేళ్లుగా లెక్కల తనిఖీ నా వృత్తి. పాతికేళ్లకు పైగా ఫాంటసీ నవలలు చదువుతున్నాను. కల్పిత లోకం తన నియమాలకు తానే కట్టుబడి ఉందో లేదో చూస్తాను. కాలక్రమం, దూరాలు, పేర్లు, మాయకు చెల్లించే మూల్యం సరిచూస్తాను. పాత్రల మాట వాళ్ల లోకానికి పొసగని చోట గుర్తుపెట్టి అడుగుతాను. ఇంతవరకు రెండు నవలలను అచ్చుకు ముందు చదివి సూచనలు ఇచ్చాను. మీ నవలలోంచి వెయ్యి మాటలు పంపితే నమూనాగా దిద్ది చూపిస్తాను, మీకు నచ్చితేనే ముందుకు వెళ్దాం. పన్నెండేళ్లప్పుడు ఒక నవలలో నది పారే దిక్కు మారిందని గమనించి, పేజీ అంచున 'నది ఎప్పుడు తిరిగింది?' అని రాసుకున్నాను. ఇప్పటికీ అలాగే చదువుతాను."

లేని డిగ్రీ గురించి అందులో ఒక్క మాటా రాయకండి. ఆ స్నేహితులిద్దరినీ అడిగి, మీ సూచన వల్ల వాళ్ల నవలలో ఏ అధ్యాయం ఎలా మారిందో రెండేసి వాక్యాలు రాయించుకుని దాని కింద పెట్టండి. నమూనా దిద్దడానికి మొదటి రాతప్రతి వచ్చినప్పుడు, పెన్సిలు పట్టుకునే ముందు ఒకసారి ఉత్త పాఠకురాలిగా చివరిదాకా చదవండి.